పేరు మీద అంటించిన ప్లాస్టర్

నాకు ఒకచోట కుదురుగా ఉండడం చేతకాదు. మా అమ్మీ చిన్నప్పటి నుంచీ "జర సబర్ చెయ్యరా" అంటూనే ఉంది. పెళ్లయ్యాక ఆ పని నా భార్య తీసుకుంది. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, గడప దాటితే తెలుగు, రెండింట్లోనూ నన్ను తిట్టడానికి మాటలకు కొదవ లేదు. అలాంటివాడికి దొరికిన నౌకరీ ఎక్స్‌రేలు తీయడం. నారాయణఖేడ్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఏళ్ల తరబడి అదే చేస్తున్నాను. మనుషులను కదలకుండా నిలబెట్టడం నా పని. నేను మాత్రం నిలబడను.

మా దగ్గర ఊపిరితిత్తుల డాక్టర్ లేడు. హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టర్ ఉన్నాడు. ఎక్స్‌రే చూసి ఏం చేయాలో ఆయన అక్కడి నుంచే చెబుతాడు. పంపడానికి కంప్యూటర్‌లో ఒక పద్ధతి పెట్టారు. పాస్‌వర్డ్ కొట్టాలి, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టాలి. అప్పుడు పేషెంట్ పేరు పోయి దాని చోట ఒక నంబర్ వస్తుంది. ఏది కుడి, ఏది ఎడమ అన్న గుర్తు మాత్రం చెరగదు. ఆ డాక్టర్ తప్ప ఇంకెవరూ తెరవలేరు. అంతా బాగానే ఉంది గానీ మా నెట్‌కే అంత ఓపిక లేదు. సగం దాకా పోయి ఆగుతుంది, నేను గదిలో చుట్లు కొడతాను. అందుకని ఫిల్మ్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పంపడం మరిగాను. వద్దని రెండుసార్లు చెప్పారు. విన్నానా? లేదు.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం, మనూర్ దిక్కు ఊరి నుంచి ఒకామె ఆటోలో వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఊరి బడిలో పిల్లలకు అన్నం వండుతుంది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. నాలుగు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటోంది. మా డ్యూటీ డాక్టరమ్మ చూసి ఎక్స్‌రే రాసింది. ఆ అమ్మాయి చదువు ముగిసి ఇంకా ఏడాది కాలేదు. ఎక్స్‌రే రాసిందో లేదో, కాన్పు గదిలోంచి పిలుపు వచ్చి అటు పరుగెత్తింది.

ఎక్స్‌రే తీశాను. ఫిల్మ్ బయటికి రాగానే నాకే అర్థమైంది, ఒక పక్క అంతా తెల్లగా ఉంది, ఊపిరితిత్తి చుట్టూ నీళ్లు చేరాయి. కాన్పు గది తలుపు దగ్గరికి వెళ్లి చెబితే లోపలి నుంచే డాక్టరమ్మ, "పెద్ద సార్‌కు పంపు, నేనొస్తున్న" అంది.

నేను వెనక్కి వచ్చేసరికి ఆ వంటామె గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"తమ్మీ, గీ ఫోటో ఎవ్వలన్న చూస్తరా?"

"డాక్టర్ సార్ చూస్తడు అక్కా."

"నా పేరు బయటవడొద్దు. టీబీ అని ఒక్కలు అనుకున్నా బడిల పిల్లలు నా చేతన్నం ముట్టరు. నన్ను తీసేస్తరు."

ఆమె భయం ఉత్తది కాదు. మా దగ్గర ఒకసారి ఎవరిదో రిపోర్ట్ ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి, ఆ మనిషి ఇల్లు చేరేలోపే ఊరంతా తెలిసిపోయింది. "ఎవ్వలకు తెల్వది అక్కా, నా జిమ్మా" అని పూచీ ఇచ్చాను.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగింది, నెట్ ఆగింది, ఫిల్మ్ చూసే లైటు పెట్టె ఆరిపోయింది. మా ఇన్వర్టర్ వార్డులో ఫ్యాన్లకే చాలదు. పావుగంట ఆగితే వచ్చేదే. కానీ పక్క గదిలో కూర్చోబెట్టిన ఆమె ఆయాసం గోడ ఇవతలికి వినిపిస్తోంది, నా అరికాళ్లు మండుతున్నట్టున్నాయి.

తెల్ల ప్లాస్టర్ ముక్క కత్తిరించి, ఫిల్మ్ మూల మీద పేరున్న చోట గట్టిగా అంటించాను. ఇటు నుంచి చూసినా అటు నుంచి చూసినా ఒక్క అక్షరం కనబడదు. కిటికీ దగ్గరికి పోయి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని ఫోటో తీసి ఫోన్ నెట్ మీద పంపాను. మాట నిలబెట్టుకున్నానని లోపల కొంచెం గర్వం కూడా కలిగింది, అబద్ధమెందుకు.

ఎక్కువసేపు పట్టలేదు, పెద్ద డాక్టర్ వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఎడమ పక్క నీళ్లు చాలా ఉన్నాయి. ఆలస్యం చేయొద్దు. ఎడమ వైపు సూది పెట్టి కొన్ని నీళ్లు తీసేయండి, ఆయాసం తగ్గుతుంది." కాన్పు అయిపోయి బయటికొచ్చిన డాక్టరమ్మకు అది వినిపించాను. తల ఊపి, చేతులు కడుక్కుని వార్డులోకి వెళ్లింది.

నా పని అయిపోయింది. కూర్చోవచ్చు. కూర్చుంటానా? వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. చాయ్ తెచ్చుకుని సగం పారబోశాను. చివరికి ఫిల్మ్‌నైనా కవర్లో పెడదామని గదిలోకి వచ్చి ప్లాస్టర్ పీకాను. కింద ఆమె పేరు. పేరు కింద, ఇది కుడి వైపు అని చెప్పే గుర్తు. పేరుతోపాటు దాన్నీ కప్పేశాను.

తెలుపంతా ఆ గుర్తున్న వైపే ఉంది.

ఫోన్ తెరిచాను. నేను పంపిన ఫోటోలో ప్లాస్టర్ ఇంకో మూలలో ఉంది. తొందరలో కిటికీ దగ్గర ఫిల్మ్‌ను ఉల్టా పట్టుకున్నాను. కుడి ఎడమైంది. ఆమె ఇప్పుడు బతుకుతున్నదే ఎడమ ఊపిరితిత్తితో. సూది దానికి గుచ్చుకుంటే, అదీ ముడుచుకుపోతే, మా దగ్గర ఊపిరి అందించే మెషిన్ లేదు, సంగారెడ్డి పెద్ద దవాఖాన దాకా ప్రాణం ఆగదు.

పరుగెత్తాను. వార్డులో ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, ముందు దిండ్ల మీదికి వంచారు. వీపుకు ఎడమ పక్క మందు పూసి ఉంది. నొప్పి తెలియకుండా ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షన్ కూడా అయిపోయింది. డాక్టరమ్మ చేతిలో పెద్ద సూది.

"ఆగు డాక్టరమ్మా. ఫోటో ఉల్టా పంపిన. నీళ్లు కుడి దిక్కున్నయి."

ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. నావైపు చూడలేదు. సూది ట్రేలో పెట్టి, ఫిల్మ్ అడిగి తీసుకుని చూసింది. స్టెతస్కోప్ పెట్టి రెండు పక్కలా విని, వేళ్లతో తట్టి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. కుడి పక్క సూది పెట్టాక లేత పసుపు నీళ్లు సీసాలోకి దిగాయి. నేను ఆ సీసానే చూస్తూ నిలబడ్డాను, బహుశా నా జన్మలో అంతసేపు కదలకుండా ఎప్పుడూ లేను.

బయటికొచ్చాక డాక్టరమ్మ మెల్లగా అంది. "నాక్కూడా కుడి దిక్కే ఊపిరి సప్పుడు తక్కువ అనిపించింది. పెద్ద సార్ చెప్పిండు గదా అని నా చెవిని నేనే నమ్మలె. ఆమెకు మాత్రం నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

సాయంత్రం వెళ్లాను. ఆయాసం బాగా తగ్గింది, బన్ను తింటోంది. నన్ను చూడగానే, "నా పేరు?" అంది.

"బయటవడలె అక్కా." అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండు అనిపించింది. ఆగలేదు. ప్లాస్టర్, కిటికీ, ఉల్టా ఫిల్మ్, సూది, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే తేలికయ్యేది.

ఆమె బన్ను పక్కన పెట్టింది. "వీపుకు మందు పూస్తుంటే 'గా దిక్కు గాదమ్మా, ఈ దిక్కు' అన్న. 'సార్ ఫోటోల చూసిండు, నువ్వు కదలకు' అన్నరు. మెషిన్ కాడ నీకు గూడ చెప్పిన తమ్మీ, కుడి దిక్కు బండ పెట్టినట్టున్నదని."

నాకు చెప్పిందా? ఇన్ని నెలలుగా జ్ఞాపకంలో తవ్వుకుంటున్నాను. ఆమె పేరు గుర్తుంది, ఆ సిలువ గుర్తుంది, ఆ మాట మాత్రం ఎక్కడా దొరకదు.