పసుపు కింది పుండు

మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటాం. మా వాడకట్టు రాజలింగు పొద్దంతా సాంచాల మధ్య తిరిగే మనిషి. కాలు ఆడితేనే కూలి. కరోనా రోజుల్లో ఆ కాలికి పట్టిన గతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సాంచె మీంచి, నూలు కండెతో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరొచ్చి కాలి బొటనవేలికి తగిలింది. షుగర్ మనిషి, నొప్పి తెలియలేదు. పుండు పడింది. కరీంనగర్‌లో ఓ ఆస్పత్రికి పోతే గేటు దగ్గరే ఆపేశారు. ఓ పూతమందు ఇచ్చి, ఫోన్‌లో చూపించుకొమ్మని నంబరు చేతిలో పెట్టి పంపారు.

ఎవరింట్లో ఏమైనా చూడకపోతే నాకు తోచదు. ముక్కుకు కొంగు కట్టుకుని వెళ్ళి వాళ్ళ గడపలో నిలబడ్డాను. అతని భార్య పోచవ్వ కాలు కడిగి, పుండు కనబడకుండా పసుపు మెత్తి, ఉతికిన తువ్వాలు మీద పెట్టింది.

"డాక్టర్‌సాబ్‌కు గట్లనే సూపిస్తే ఏం బాగుంటది, కమలవ్వా?" అంది.

ఫోన్‌లో డాక్టరు కనిపించాడు. "కాలు చూపించండి. ఆ, మానుతోంది. అదే మందు వాడండి" అని పెట్టేశాడు. పోచవ్వ ఇంకా దండం పెడుతూనే ఉంది.

మానుతోందట! ఆ పచ్చగా ఉన్నదేమిటని అడగొద్దూ? గడప దాకా వాసన కొడుతోంది. ఫోన్‌లోంచి వాసన పోదు సరే, నోటితో అడగడానికేం రోగం?

"పోచా, పసుపు కడుగు. మల్ల చెయ్యి ఫోను."

"బాగుందన్నడు గద. కోపానికొస్తడేమో."

"రానీ! గాయన కోపం పోతది. నీ మొగని కాలు పోతే మల్లొస్తదా?"

"కమలవ్వకు డాక్టర్లతోని గూడ లొల్లి గావాలె" అని నవ్వాడు రాజలింగు.

"నోర్మూసుకొని కాలు సాపు!"

కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగితే వేలు నల్లగా తేలింది. అతన్ని వాకిట్లో ఎండకు కూర్చోబెట్టి, డాక్టరు ఎత్తేదాకా ఫోన్ చేయించాను.

"ఇప్పుడే చూశాను కదమ్మా!" అన్నాడు. ఫోన్ నేను అందుకున్నాను.

"మీరు సూసింది పసుపు, సారూ. గిప్పుడు పుండు సూడుండ్రి. వాసనొస్తుంది. మీకు రాదు గద, నేను చెప్తున్న."

ఫోన్ వేలి దగ్గర పెట్టాను. డాక్టరు గొంతు మారింది. "వెంటనే తీసుకురండి."

"మీ గేటుకాడ మల్ల ఆపుతరు. జర మీరే చెప్పుండ్రి."

ఈసారి గేటు తెరిచారు. వేలు తీసేశారు, పాదం దక్కింది. రాజలింగు మళ్ళీ సాంచాలు నడుపుతున్నాడు. వేలు లేని కాలికి చెప్పు నిలవదు. వంగి సర్దుకుంటాడు. అతను వంగినప్పుడల్లా నాకు ఆస్పత్రి గేటు గుర్తొస్తుంది. ఆ గేటు దగ్గర, మొదటిసారే, ఎవరో ఒకరు అంతమాత్రం వంగి చూస్తే ఏం పోయేది?