చేపల పెట్టెల్లో స్ట్రాబెర్రీ

స్ట్రాబెర్రీ ఆకును కత్తిరించినప్పుడు వచ్చే పచ్చివాసన ఈ పొద్దున మా గాజువాక ఫ్లాటు బాల్కనీ అంతా కమ్ముకుంది. కాపు అయిపోయింది కదా, ముదురాకులు తీసేస్తున్నాను. ఈ పని నాకు నేర్పింది మా మామ్మ, నాన్నను కన్నతల్లి, జాలరిపేటలో బేసిను నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, లంబసింగి నుంచి ఎవరో తెచ్చిన పన్నెండు మొక్కల్ని మామ్మ చేపలిచ్చి మార్చుకుని, నాన్న బోటు తాలూకు థర్మోకోల్ పెట్టెల్లో నాటింది. ఆ చలికాలమంతా పెరట్లో ఎండుచేపల వాసన, ఉప్పుగాలి, వాటి మధ్య ఎర్రటి పళ్ళు. పండుకి ఇద్దరం చొప్పున పిల్లలం వరస కట్టి, ఉప్పూకారం అద్దుకుని, వేళ్ళు కూడా వదలకుండా నాకేవాళ్ళం.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేశారు. నాన్న ఇంట్లోనే వల బాగుచేసుకుంటూ మొదలెట్టాడు.

"ఎండలకి సచ్చిపోతాయే అమ్మా, పీకి పారేయ్. వేటకి బాక్సులు కావాల."

"పీకితే నీ సేతులిరగ్గొడతాను," అంది మామ్మ.

అని, తనే కత్తెరతో ఆకులన్నీ నరికేసింది. నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. "ఊరుకో గుంటా, ఆకు పోతే ఏటి, పిలకలున్నాయి గదా!" అంటూ ముసలి తల్లిమొక్కల్ని తీసేసి, కొత్త మట్టిలో పేడ ఎరువు కలిపి, తీగలకు వేళ్ళూనిన పిలకల్ని పన్నెండు నాటింది.

బీరపాదు మొదట్లో ఆమె చేపల పొట్టలు పాతిపెట్టడం రోజూ చూసేదాన్ని. నేనూ సాయం చేద్దామని పిలకల పక్కన చేపతలలు పాతాను, రెండంగుళాల లోతున! తెల్లారేసరికి పేట పిల్లులన్నీ పెట్టెల్ని తవ్విపోశాయి. తొమ్మిది పిలకలు పోయాయి. నా వీపు విమానం మోత మోగింది. "నాను సెప్పలేదేటి?" అన్నాడు నాన్న, మామ్మతో.

మామ్మ పాత వల తెచ్చి, మిగిలిన మూడింటి మీద బిగించి ముడులేసింది. ఎండ జరిగినప్పుడల్లా పెట్టెను గోడనీడకు జరుపుతూ, పూటకో చెంబు నీళ్ళు పోస్తూ వేసవి దాటించింది. వేట మొదలై నాన్న పెట్టె అడిగేసరికి రెండే బతికున్నాయి. మామ్మ తన చేపల బేసినుకి మేకుతో చిల్లులు పొడిచి, వాటిని అందులో నాటి, పక్కింట్లో బేసిను అడుక్కుని అమ్మకానికి వెళ్ళింది.

జనవరిలో ఒక్క పండు పండింది. నాకిస్తుందనుకున్నాను. నాన్న నోట్లో పెట్టింది. ఆయన నమిలి, "పుల్లగుంది," అన్నాడు. అంతే. ఆ మాటకి నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మామ్మ పోయింది. పెరడు సిమెంటు చేసేశారు, అక్కడిప్పుడు బళ్ళు పెడుతున్నారు. చలికాలం వస్తే బీచ్ రోడ్డంతా స్ట్రాబెర్రీ డబ్బాలే. సగం పండు కోసం వరసలో నిలబడే పిల్లలే లేరు.

ఇందాక నాన్న ఫోన్ చేస్తే, మొక్కలు బాగుచేస్తున్నానని చెప్పాను. "పిలకలు పారేత్తన్నావేటే? రెండు నాకుంచు."

"ఎందుకు నాన్నా? ఎండలకి సచ్చిపోతాయి గదా!" అన్నాను కసిగా.

"సావవు. అమ్మ ఎలాగ బతికించిందో నాను సూసేను గదే," అన్నాడు.