బందరులో ఉతికిన బొంతలు

బడి దూరమని మా నాయన నన్ను పంపలేదు. పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టుకుని పలక మీద తానే నేర్పాడు. ఒక పాత వాచకంలో బందరు మీద పాఠం ఉండేది. ఓడలు, డచ్చివాళ్ల కోట, దీపస్తంభం. ఆయన సముద్రం చూడలేదు. నువ్వెప్పుడైనా చూస్తే కాలు పెట్టకముందు నా పేరు చెప్పి ఒక దండం పెట్టు తల్లీ అనేవాడు. ఆయన పోయాక ఆ మాట నాలో ఉండిపోయింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, విజయవాడలో బంధువుల పెళ్లికి పోయినప్పుడు, ఇంత దూరం వచ్చాం గదా, బందరు చూసి పోదామని మా ఆయన అన్నాడు. దేవుడు నా మాట విన్నాడని లోపల్లోపలే మొక్కుకున్నాను.

గార్లదిన్నె దగ్గర మా ఊళ్లో అప్పటికి బోర్లు ఎండి రెండేళ్లు. ట్యాంకరు వస్తే ఇంటికి నాలుగు బిందెలు. పెళ్లికి బయలుదేరేటప్పుడు మా అత్త రెండు గోనెసంచుల్లో బొంతలు, దుప్పట్లు కుక్కింది. పడుకోవడానికేమో అనుకున్నాను. పెళ్లింట్లో ఆ సంచులు విప్పనే లేదు. బందరు సత్రంలో దిగగానే అత్త నేరుగా పెరట్లోకి పోయి కొళాయి తిప్పింది. ధార వచ్చింది. దాని కింద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత సంచులు కుమ్మరించింది.

వాకిట్లో ఆటో ఆగి ఉంది. ఎనిమిదేళ్ల నా కూతురికి తల దువ్వి నేనూ సిద్ధమయ్యాను.

"యాడికి పోతావే? నీళ్లు వస్తాండాయి, కనపల్లేదా? రెండేండ్ల మురికి," అంది అత్త.

"వచ్చినాక ఉతుకుతా అత్తా. ఒక్క గంట."

"సముద్రమేమన్నా పారిపోతాదా? కొళాయి ఆగిపోతే ఎవరిని అడగల్ల?"

మా ఆయన వైపు చూశాను. చెప్పులు వేసుకుంటున్నాడు. "అమ్మ చెప్తాంది కదా. సాయంత్రం నిన్ను పిల్సుకొని పోతాలే," అన్నాడు. తాత పేరు చెప్పి దండం పెట్టమని కూతురి చెవిలో చెప్పి పంపాను. అత్త కూడా ఆటో ఎక్కింది.

కొళాయి ఆగలేదు. కానీ అవి ఉప్పునీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాలేదు. సత్రం ఊడ్చే ఆమె నిలబడి చూసి, ఈ నీళ్లు కాళ్లు కడుక్కోవడానికే అమ్మా, బట్టలకు వేరే తెచ్చుకుంటాం అని చెప్పింది. అంత దూరం నుంచి మురికి మోసుకొచ్చారా అని అడిగింది. నీళ్లు కనబడితే అవి ఎలాంటివని అడగడం మా ఊళ్లో ఎవరికీ అలవాటు లేకుండా పోయింది.

ఏ పని చేస్తున్నా మనసులో దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ రోజు రెండో బొంత దగ్గర అది ఆగిపోయింది.

మూడు దాటాక వచ్చారు. కోట కూడా చూశారట. దండం పెట్టానని కూతురు పరుగున వచ్చి చెప్పింది. అత్త కుచ్చిళ్లు పిండుకుంటూ, "అన్ని నీళ్లుండాయి, ఒక్క చెంబు పనికి రావు. చూసేదేముండాది," అంది. ఐదింటికి బస్సు. తడి బొంతలు సంచుల్లో కుక్కుతుంటే మా ఆయన నా ముఖం చూడకుండానే, ఇంకోసారి వద్దాంలే అన్నాడు.

ఇంటికొచ్చి ఆరేస్తే బొంతలు అట్టలు కట్టి తెల్లచారలు తేలాయి. ట్యాంకరు నీళ్లతో మళ్లీ ఉతికాను.

ట్యాంకరు దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్లు సముద్రం ఎట్లుండాదని అడిగారు. నేను నోరు తెరవకముందే అత్త అందుకుంది. "అందరం చూసినాం. మా కోడలైతే ఆడే కూసునింది, లెయ్యమంటే లెయ్యలేదు."

అందరూ నవ్వారు. నా కూతురు తలెత్తి నన్ను చూసింది. అబద్ధం ఆడితే దేవుడు వింటాడని దానికి రోజూ చెప్పేది నేనే.

అలలు పెద్దవా అని ఒకామె నన్నే అడిగింది.

"పెద్దవే," అన్నాను.