దిగని మేక

కోటగిరి నుండి బోధన్‌కు ఆటో నడిపే లింబాద్రికి ఒకటే జబ్బు: మొదలుపెట్టిన కథను ముగించడు. నా శిష్యుడే. బడిలో వ్యాసాలు కూడా సగంలోనే ఆపేవాడు; ఆ ఒక్క విద్యలో మాత్రం అతని అభివృద్ధి నిరాటంకం.

అతని కథల్లో ఒక పెళ్లికొడుకు ఏడాదిగా మండపం మెట్ల మీద ఒంటికాలిపై నిలబడి ఉన్నాడు. ఒక దొంగ కిటికీలో ఇరుక్కుని, ఆ ఇంటివారు పెట్టే ఉప్మాతో బతుకుతున్నాడు. బోధన్ ఆసుపత్రి గేటు రాగానే ఆటోకూ కథకూ ఒకేసారి బ్రేకు పడుతుంది.

"కథ అన్నాక ముగింపు ఉండాలోయ్!"

"మీ మోకాళ్ల నొప్పి ముగిసిందా మేడం? గిదీ గంతే. మల్లొచ్చినప్పుడు చెప్త."

నేను మోకాళ్ల వ్యాయామానికి వెళ్లే రోజుల్లోనే మా వీధి సాయవ్వ డయాలసిస్‌కు వచ్చేది. ఒక శుక్రవారం తిరిగి వస్తూ తేల్చి చెప్పింది: "ఇగ రాను కొడుకా. ఎన్నొద్దులు పొడిపిచ్చుకోవాలె ఈ సూదులు? అయ్యేదేదో అయితది."

మానితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. నేను హితబోధ ప్రారంభించాను. అందులో ఒక్క భాషాదోషమూ లేదు, ప్రయోజనమూ లేదు.

లింబాద్రి మాత్రం తాపీగా మేక కథ ఎత్తుకున్నాడు. చెరకు ట్రాక్టర్ మీదికి ఒక మేక ఎక్కింది. పైన కూర్చుని మేస్తుండగా ట్రాక్టర్ కదిలింది. ఎదురుగా, మేక మెడ ఎత్తున, కరెంటు తీగ! సాయవ్వ ఇల్లు వచ్చింది. బ్రేకు.

"ఏమైందిరా?"

"సోమారం చెప్త అవ్వా."

"రానంటున్న గద!"

"అయితే మేక గట్లనే ఉంటది. నేనేం జేయాలె?"

"నీ పాడుగాను! మూగజీవాన్ని గట్ల ఇడిసిపెడతవా?"

సోమవారం ఆటో వెళ్లేసరికే సాయవ్వ రోడ్డు మీద నిలబడి ఉంది. "తీగ తాకిందా?"

"వంగి తప్పిచ్చుకున్నది. గానీ ట్రాక్టర్ వాగుల దిగింది..."

కోతల కాలం ముగిసింది. చేలల్లో చెరకు లేదు. లింబాద్రి ట్రాక్టర్ మీద మాత్రం తరగలేదు.

మొన్న సాయవ్వ ఎక్కకముందే నిలదీశాను. "మేక కథ సాయవ్వ కోసం. మరి ఆ పెళ్లికొడుకు కథ ఎవరి కోసంరా?"

తల గోక్కున్నాడు. "రామ్‌దాస్ సారు కోసం మేడం. దొంగేమో ఈరవ్వకు. ఆల్లు గూడ ఆసుపత్రికి రామనేటోల్లే."

"మరి నాకు కథ లేదా?"

"మీకెందుకు మేడం? నన్ను తిట్టనీకే వస్తరు గద!"

తిట్టడానికి నోరు తెరిచేలోగా ఆటో ఆగింది. సాయవ్వ ఎక్కి, కొంగు సర్దుకుని, అతని భుజం తట్టింది.

"ఇయ్యాల గా మేకను దించకు కొడుకా. ఇంక మస్తు చెరకున్నది."