బ్యాంకుతో పద్దెనిమిది రోజులు

“నీకెందుకబ్బా జలపాతం? నువ్వేమన్నా దొరవా?” అని అడిగాడు వెంకటరాజు.

చిన్నరాజం చాయ ట్రే కింద పెట్టకుండానే జవాబు చెప్పాడు. “నాకు నీళ్లు అక్కెర లేదు సార్. నా పైసలు ఏడికి వోతే నేను ఆడికి వోత.”

జగిత్యాల దగ్గరి చిన్నరాజం గల్ఫ్‌కొచ్చి, మిర్కాబ్‌లోని ఒక ఆఫీసులో తొమ్మిదేళ్లుగా చాయ కాస్తున్నాడు, బల్లలు తుడుస్తున్నాడు. రాయచోటి వెంకటరాజు అక్కడే అకౌంటెంటు, పైగా చిట్టీ నడిపేవాడు. ఆఖరి చిట్టీ చిన్నరాజానిది, ఎనిమిది వందల దినార్లు. “వచ్చే జీతానికి” అన్నాడు వెంకటరాజు. తర్వాత “పండగ దాటనీ” అన్నాడు. ఈలోగా నైరోబీ నుంచి విక్టోరియా జలపాతం దాకా లారీలో పద్దెనిమిది రోజుల యాత్రకు తనకూ, బావమరిదికీ రెండు సీట్లు కొన్నాడు. ఆ రసీదును ప్రింటరు నుంచి తెచ్చి ఇచ్చింది చిన్నరాజమే.

బావమరిది ఆఖర్లో రానన్నాడు. సీటు డబ్బు తిరిగి రాదు, పేరు మార్చుకోవచ్చు. ఆ సీటు తన పేరుకు మార్చకపోతే చిట్టీ వాళ్లందరినీ వెంటేసుకుని సాల్మియాలో నీ ఇంటి గుమ్మం ముందు కూర్చుంటానన్నాడు చిన్నరాజం. పేరు మారింది.

రెండేళ్లకోసారి వచ్చే ఇంటి సెలవు, విమానం ఖర్చు దీనికే పోయాయి. భార్య సువర్ణ ఫోన్లో మండిపడింది.

“ఇంటికి రాకుండ నీళ్లు సూడవోతున్నవా? బుద్ధుందా?”

“నీళ్లు గాదే. మనిషిని సూడవోతున్న.”

లారీలో ఇరవై మంది. ఇద్దరికో గుడారం. వంటపని వంతులవారీగా చెయ్యాలి. చిన్నరాజం తన వంతు రోజున కూరగాయలు తరిగాడు, గిన్నెలు తోమాడు, చాయ మాత్రం ముట్టలేదు. అది వెంకటరాజు కాచాడు. “రాజు సార్, షక్కర తక్కువైంది” అని చిన్నరాజం కప్పు వెనక్కిచ్చాడు. రోజూ ఇచ్చాడు. ఎవరైనా పలకరిస్తే వెంకటరాజు వైపు వేలు చూపించి, వచ్చిన కాస్త ఇంగ్లీషులో “హీ ఈజ్ మై బ్యాంక్. నో మనీ” అన్నాడు. నాలుగో రోజుకి ఒక డచ్చి ముసలావిడ “బ్యాంకు నిద్ర లేచిందా?” అని అడగడం మొదలుపెట్టింది.

జలపాతం వచ్చింది. నది మొత్తం ఒక్కసారిగా గోతిలో పడుతోంది, తుంపర కిందినుంచి పైకి వానలా కొడుతోంది. ఇలాంటి చోట మనసు కడుక్కుపోతుందని యాత్రల పుస్తకాల వాళ్లు రాస్తారు. చిన్నరాజానికి బట్టలు తడిశాయి, అంతే.

వెంకటరాజు చేతులు జోడించాడు. “ఇంత పెద్ద నీళ్ల ముందర మన గొడవలేపాటివి రాజం? ఈడనే ఇడిచేద్దాం.”

“నీళ్లు మస్తున్నయ్ సార్. సంతకం పెట్టు.”

ప్లాస్టిక్ కవరులోంచి బాకీ కాగితం బయటికొచ్చింది. హోరులో వినపడలేదన్నట్టు వెంకటరాజు చెవి చూపించాడు. చిన్నరాజం వెనక్కి తిరిగి “బ్యాంక్ సైన్!” అని అరిచాడు. రెయిన్‌కోట్లలో ఉన్న జనమంతా చప్పట్లు కొడుతూ “బ్యాంక్! బ్యాంక్!” అని అందుకున్నారు. ముసలావిడ వీపు వంచింది. దాని మీదే కాగితం పెట్టి వెంకటరాజు సంతకం చేశాడు.

“సీటు ఖర్చు కోసుకోవాల కదా?” అని గొణిగాడు.

“అది వడ్డీ సార్. ఖలాస్.”

ఇప్పుడు ప్రతి ఒకటో తారీఖున వెంకటరాజు చాయ కప్పు కింద ఆ కాగితం జిరాక్సు ఉంటుంది. ఇంకా మూడు వందల నలభై దినార్లు రావాలి.