గోళ్ళ మీద బ్లేడు

గోటికి మరక పట్టనివ్వని బేస్ కోట్ కింద వెయ్యకుండానే ఎర్ర నెయిల్ పాలిష్ పూసి పంపింది నేను పనిచేసే తెనాలి పార్లర్ అక్క, ఓ కొలకలూరు పిల్లకి. గోళ్ళు పసుపెక్కి ఆ పిల్ల ఇవాళ మళ్ళీ వస్తే, అక్క నా చేతికి గోడల రంగులో కలిపే థిన్నరూ బ్లేడూ ఇచ్చి, "గీకెయ్యవే, ఏం కాదు" అంది.

చదువుకునే రోజుల్లో మనమూ ఆదివారం పూసుకుని, సోమవారం ప్రేయర్లో టీచర్ తిడుతుందని స్కూలు కుళాయి దగ్గర సగం బ్లేడుతో గీక్కున్నాం, గుర్తుందా అమ్మాయిలూ? ఆ తుప్పు, గోటి సందుల్లో ఆ ఎర్ర పొట్టు, ఛీ! నా గోళ్ళు చూసి పక్క బెంచీది, "పచ్చకామెర్లా ఏంటే నీకు?" అంది. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా చేతులు చున్నీ కిందే దాచుకున్నాను.

గీకితే మరక పోదు, గోరు పల్చబడుతుంది. రిమూవర్‌లో తడిపిన దూది కాసేపు అదిమిపెట్టి తుడవాలి. మిగిలిన పసుపు గోరు పెరిగేకొద్దీ దానంతటదే పోతుంది. ఆ పిల్లకి అదే చెప్పి పంపాను, బ్లేడు ముట్టుకోలేదు.

అక్కా, ఈ పోస్టు నువ్వు చూస్తావు. ఆ థిన్నర్ డబ్బా పారేసి బేస్ కోట్, రిమూవర్ తెప్పిస్తావా లేదా? శనివారం పొద్దున షాపు తీసేలోపు చెప్పు. లేదంటే నేను పనికి రాను, గోళ్ళు చేసే నా కుర్చీలో నువ్వే కూర్చో.