చేతులన్నీ లేచేదాకా

యుద్ధకాలంలో నేను అఫ్జల్‌గంజ్‌లోని ఒక తెలుగు పత్రికలో తంతివార్తలు తర్జుమా చేసేవాణ్ణి. ఇంగ్లీషులో వచ్చిన కాగితాన్ని తెలుగు చేసి కిందికి పంపితే, కంపోజిటర్లు ఒక్కొక్క సీసపు అక్షరాన్నీ గళ్ళ కేసులోంచి ఏరి పేర్చేవారు. రష్యా మిత్రపక్షంలో చేరాక అక్కడి సంగతులు వేసుకోవడానికి సర్కారు నుంచి మునుపటంత అభ్యంతరం ఉండేది కాదు. దాంతో ఆ దేశాన్ని ఏలే పార్టీ గురించీ, దాని పైన కూర్చున్న పొలిట్‌బ్యూరో గురించీ తరచు వార్తలు వచ్చేవి. అవన్నీ ఒకే మోస్తరుగా ఉండేవి. ఒకరిని సభ్యుడిగా తీసుకున్నారు, మరొకరిని తప్పించారు, తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. ఎందుకు తీసుకున్నారో, ఎవరైనా వద్దన్నారో, ఒక్క ముక్క ఉండేది కాదు. గది తలుపు తెరుచుకున్నాక బయటికి వచ్చిన మాటే మాకు అందేది. దాన్ని తెలుగు చేస్తూ నేను విసుక్కునేవాణ్ణి.

కింద కంపోజిటర్లకు మాత్రం ఆ వార్తలంటే గౌరవం. చేత్తో పేర్చినవాళ్ళు కనుక నాకంటే వాళ్ళకే బాగా గుర్తుండేవి. ప్రెస్సు పనివాళ్ళు సంఘం పెట్టుకున్నప్పుడు దాని కమిటీని అచ్చం అక్కడిలాగే కట్టుకున్నారు. అయిదుగురు సభ్యులు, ఇద్దరు అభ్యర్థి సభ్యులు. అభ్యర్థి సభ్యుడంటే కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, చేయి మాత్రం ఎత్తకూడదు. తీర్మానాలు రాయడానికి పనికొస్తానని నన్ను ఆ రెండో రకంలో వేశారు. బయట కమిటీ అనే మాట వాడేవాళ్ళం కాదు. "చాయ్‌కి పోదాం" అంటే మధ్యాహ్నం ఇరానీ హోటల్లో, గోడవారగా ఉన్న పొడుగు బల్ల దగ్గర కమిటీ ఉందని అర్థం.

ఆ రోజుల్లోనే మా ప్రెస్సులో అందరికంటే పెద్ద కంపోజిటర్‌కు చూపు మందగించింది. శాలిబండ మనిషి, పాల వ్యాపారం చేసే కుటుంబం. ఆయన్ను అందరం బాపు అనేవాళ్ళం. ప్రూఫుల్లో తప్పులు పెరిగాయి. ఒక పేజీలో దిద్దుబాట్లు ఎక్కువై అంచు చాలక నేను వెనక్కి తిప్పి రాయాల్సి వచ్చింది. ఆ సంగతి ప్రెస్సు యజమాని దాకా, మేం మాలిక్ అని పిలిచే ఆయన దాకా పోయింది.

మాలిక్ చెడ్డవాడు కాదు, గొడవంటే భయం ఉన్నవాడు. బాపునూ, సంఘం కార్యదర్శినీ, రాత పని కోసం నన్నూ పిలిచాడు.

"కొత్త అచ్చు మిషన్ వస్తది, పని జోరైతది, ఇన్ని తప్పులు నడవయ్. అది వచ్చేదాక చూస్త," అన్నాడు. "పేపర్ల మడతల దగ్గర ఒక జాగ ఖాళీ ఉంది. బాపును అక్కడ కూసోవెడ్త, జీతం తగ్గియ్య. గని అవతలి ఖాతా మనిషిని తెచ్చి మా నెత్తిన వెట్టిన్రని మడతలోళ్ళు లొల్లి చేస్తే నాతోని కాదు. మీ కమిటీ ఒక్క మాట చెప్పాలె. చెప్పకపోతే బాపు ఇంటికే."

అంటే కమిటీ ఒక్క మాట చెబితే బాపు కొలువు నిలుస్తుంది. అంత తేలిక విషయం ఆ బల్ల దగ్గరికి మళ్ళీ రాదనుకున్నాను.

కార్యదర్శి చాంద్రాయణగుట్ట నుంచి సైకిల్ మీద వచ్చే మిషన్‌మన్. నిజాయితీపరుడు, నెమ్మదస్తుడు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఏ విషయమైనా ముందు సభ్యుల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికే పోయి, నల్లా దగ్గరో మిషన్ పక్కనో నిలబడి "ఏమంటవ్?" అని అడిగేవాడు. అందరూ సరే అంటేనే అది ఎజెండాలోకి ఎక్కేది. ఎక్కిందంటే చేతులన్నీ లేచేవి. ఆ తరువాత ఎప్పుడో చదివాను, అక్కడి పెద్ద కమిటీలో కూడా చాలాసార్లు కూర్చోకుండానే, ఒక్కొక్కరినీ విడిగా అడిగి నిర్ణయం రాసుకునేవారట. మా కార్యదర్శికి ఆ సంగతి తెలియదు. ఆయనంతట ఆయనే అక్కడికి చేరాడు.

బాపు విషయంలో నలుగురు సరే అన్నారు. అయిదోవాడు మడతల ఖాతాకు, అంటే ఆ విభాగానికి, పెద్ద. ఆ ఖాళీ జాగా మీద తన బామ్మర్ది కోసం ఆయన కన్నేశాడని ప్రెస్సులో అందరికీ తెలుసు.

ఒక చాయ్ గడిచినా ఆ సంగతి ఎజెండాకు రాకపోయేసరికి నేను కార్యదర్శిని మిషన్ దగ్గర పట్టుకున్నాను.

"బాపు సంగతి ఈసారన్న ముందట వెడుతున్నవా?"

"నలుగురు ఒప్పుకున్నరన్నా. ఒక్కడు అంటలేడు."

"నలుగురు చాలు గద. చేతులెత్తించు."

"ఏం మాట్లాడుతున్నవన్నా? నువ్వే రాస్తవు గద, రష్యా వార్తల్ల ఏకగ్రీవం అని. ఒక్కసారన్న నలుగురు ఇటు, ఒక్కడు అటు అని రాసినవా?"

"పైనుంచి వచ్చింది నేను రాస్తున్న. లోపల ఏం లొల్లి అయిందో నాకెట్ల తెలుస్తది?"

"లొల్లి అయితే వార్త వస్తుండె గద!" అని నవ్వి, మిషన్‌కు నూనె పోయడంలో పడ్డాడు.

వార్తలో లేనిది జరగనేలేదని ఆయన నమ్మకం. అలా నమ్మే పాఠకుల కోసమే పత్రికలు నడుస్తాయి గనుక నేను గట్టిగా వాదించలేకపోయాను.

తరువాతి చాయ్‌లో ఎజెండా వేరే. సభ్యుల్లో ఒకతను సికింద్రాబాద్‌లో వేరే ప్రెస్సుకు వెళ్ళిపోయాడు. ఆ స్థానంలోకి నాతో పాటున్న రెండో అభ్యర్థి సభ్యుణ్ణి తీసుకోవాలి. తీసుకోవడం క్షణంలో అయిపోయింది, చేతులన్నీ లేచాయి. కాని కొత్త సభ్యుడు ఎక్కడ కూర్చోవాలనే దగ్గర చిక్కు వచ్చింది. వెళ్ళినవాడి కుర్చీ కార్యదర్శి పక్కన ఉండేది. నిన్నటిదాకా అభ్యర్థిగా ఉన్న మనిషి ఒక్కసారే అక్కడ కూర్చోవడమా, బల్ల చివర మొదలుపెట్టడమా? ఒక చాయ్ అయింది, ఉస్మానియా బిస్కట్లు వచ్చాయి, రెండో చాయ్ అయింది. పాపం ఆ కొత్త సభ్యుడు అంతసేపూ నిలబడే ఉన్నాడు.

ఇక ఉండబట్టలేక నేను బాపు మాట ఎత్తాను.

"ఎజెండల లేదు గద," అన్నాడు మడతల పెద్ద, బిస్కట్ చాయ్‌లో ముంచుతూ.

"ఎజెండల లేదన్నా," అన్నాడు కార్యదర్శి, నా కళ్ళలోకి చూడకుండా.

"మిషన్ రేపో మాపో వస్తది. అప్పుడు ఎజెండల వెడితే ఏం లాభం?"

"అభ్యర్థి గింత మాట్లాడితే ఎన్నడూ అభ్యర్థిగనే ఉంటడు, భాయ్," అన్నాడు మడతల పెద్ద. అందరూ నవ్వారు.

నిలబడి ఉన్న కొత్త సభ్యుడు ఊరుకోలేదు. "నీ బామ్మర్దికి కాగితం సంగతి దేవుడెరుగు, దస్తీ మడత వెట్టుడన్న వస్తదా?" అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదైంది. మడతల పెద్ద కూడా నవ్వాడు. నవ్వాడు గాని సరే అనలేదు. కొత్త సభ్యుణ్ణి బల్ల చివర కూర్చోబెట్టి లేచాం.

నన్ను మరీ కుదిపింది బాపు ధోరణి. ఆయన కోపగించుకోలేదు.

"చూస్తున్నరు గద, చేస్తరు," అనేవాడు. "నలుగురు కూసొని అనాల్నాయె. తొందరవెడితే ఎట్ల?"

"కాకపోతే ఏం చేస్తవు బాపూ?"

"మా అన్న కొట్టం ఉన్నది. పేడ తీసుడు నాకు చిన్నతనం గాదు. గని బర్రె ఎటు మర్లుతదో కండ్లకు కానరావాలె గద. కాయితమైతే ఎటూ పోదు. చేతులకు తెలుస్తది."

మిషన్ వచ్చింది. దానికి పసుపు కుంకుమలు పెట్టారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. అందరం కొబ్బరి ముక్కలు నములుతుండగా మాలిక్ కార్యదర్శిని అడిగాడు, "మీ మాట ఏంది?"

"ఇంకా కాలేదు మాలిక్," అన్నాడు కార్యదర్శి.

మాలిక్, ఇంకేమైనా అంటారేమోనని కాబోలు, నా వైపు కూడా చూశాడు. కమిటీ తరఫున మాట చెప్పే అర్హత నాకు లేదని ఆయనకూ తెలుసు. "అయితే ఈ వారం ఆఖరు," అన్నాడు. వారం కాగానే బాపు అక్షరాలు పేర్చుకునే తన స్టిక్‌ను తుడిచి కేసు మీద పెట్టి, అందరికీ దండం పెట్టి వెళ్ళాడు. మడతల దగ్గరికి బామ్మర్ది వచ్చాడు.

ఆ తరువాత చాయ్‌లో బాపు పేరు మొదటిసారి ఎజెండాకు ఎక్కింది. ఆయన సేవలను కొనియాడుతూ, వెళ్ళిపోయినందుకు విచారిస్తూ తీర్మానం. అన్నిటికంటే ముందు లేచిన చెయ్యి మడతల పెద్దది. కార్యదర్శి ముఖం ఎంతో తేలికపడింది. "రాయన్నా, ఏకగ్రీవం," అన్నాడు. రాశాను.

దాన్ని అందజేయడానికి శాలిబండకు నేనే వెళ్ళాను. బాపు ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపల పాలచెంబుల చప్పుడు. కాగితం ఆయన చేతికిస్తే కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, మళ్ళీ నాకే ఇచ్చాడు. చదివాను.

"అందరు లేపిన్రా?" అన్నాడు.

"అందరు లేపిన్రు బాపూ."

అరుగు అంచును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు, స్టిక్‌లో అక్షరాలు సరిచూసుకున్నట్టు.

"ఒకని చెయ్యి కిందనే ఉండనిచ్చి, మొన్ననే నాలుగు లేపితే నాకు సరిపోతుండె," అన్నాడు.

లోపలి నుంచి ఆయన వదిన ఎవరొచ్చారని కేకేసింది. "కమిటీ నుంచి," అని చెప్పి, నాకు గోడవైపు జరిగి చోటిచ్చాడు.